పిలుపు వేరు, పంపడం వేరు

నవంబరు 3, సోమవారం

ఎరువుల కొట్టువాడు ఏడాది మొదట్లో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ట్రంకుపెట్టెలో పడి ఉంది, ఈరోజు తీశాను. నా ఫోన్ ఆత్మకూరులో మా తమ్ముడి కూతురు మధులత దగ్గర ఉంది. ఫోన్ లేకపోతే చెయ్యి ఊరుకోవడం లేదు. మనుషులతో మాట్లాడదామంటే వాళ్ళ మొహాలు చూడాలి. అందుకని రాస్తున్నాను. వయోజనుల బడిలో నేర్చిన అక్షరాలు. వంకరగా ఉంటే ఉండనీ, ఇది చదివే మొనగాడు ఎవడూ లేడు.

శెట్టి నన్ను ముంచాడు. ముందు అది రాయాలి.

శెట్టి అంటే ఉదయగిరిలో దాణా అంగడి సుందరరామయ్య. చిన్నప్పటి నుంచీ ఒరే అంటే ఒరే అనుకునే మనిషి. వాడి మనవరాలు సాయిశ్రీకి కలువాయి సంబంధం కుదిరింది. మూఢం రాకముందే పెళ్ళి చేయాలని తొందరపడుతున్నారు. పోయిన నెలలో వాడి ఫోన్ నుంచి నాకు పెళ్ళిపత్రిక వచ్చింది. పెంచలకోన నరసింహస్వామి బొమ్మ ఉండేది శెట్టి ఫోనే. పేర్లు కూడబలుక్కుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు, బొమ్మను బట్టి మనిషిని పట్టుకుంటాను. మందలో గొర్రెను మొహం చూసి పట్టుకునేవాడికి ఇదొక లెక్కా.

మా పాలెంలో పత్రిక చూసుకుని ఎవరూ పెళ్ళికి కదలరు. పెద్దమనిషి నోటితో పిలవాలి. మా నాయన పిలిచాడు. ఆయన పోయాక నేను పిలుస్తున్నాను. మోకాళ్ళు పోయినప్పటి నుంచి మైకు గుర్తు నొక్కి ఫోన్‌లో గొంతు పెడుతున్నాను. పిలుపు అందరికీ చేరిన తర్వాతే నేను పత్రిక తెరుస్తాను. పంక్తిలో అందరికీ పెట్టకముందు వడ్డించేవాడు తినడు, ఇదీ అంతే. ఈసారీ అట్లాగే చేశాను.

అది పత్రిక కాదు. పత్రిక వేషంలో వచ్చిన దొంగ. తెరిచిన ప్రతి ఫోన్‌లో దూరింది, బ్యాంకు పంపే రహస్య అంకెలు చదువుకుంది, ఖాతాలు ఊడ్చింది. మా చెల్లెలు సుబ్బరత్నమ్మ కంటి ఆపరేషన్ కోసం పొట్టేళ్ళు అమ్మి పెట్టుకున్నదంతా పోయింది. పాలెంలో ఇంకా కొన్ని ఇళ్ళు. నాకు ఏమీ పోలేదు. నా ఖాతాలో పోవడానికి ఏముంది గనక.

అది ఒక ఫోన్‌లో దూరితే అందులో ఉన్న పేర్లన్నిటికీ తనంతట తానే పంపుకుంటుందట. పోలీసు స్టేషన్‌లో చెప్పారు. కాబట్టి నా ఫోన్ నుంచి పోయిందంటే దొంగ పంపినట్టు. నేను పిలిచాను, అంతే. పిలుపు వేరు, పంపడం వేరు.

ఉదయగిరి పోయి అంగడి ముందే నిలబడి అడిగాను.

"ఏందిరా శెట్టీ, మనవరాలి పెళ్ళి పేరు పెట్టుకుని మా ఇళ్ళు దోస్తావా?"

వాడు తవుడు తూస్తూ తల కూడా ఎత్తలేదు. "నేను నీకేం పంపలేదు కామయ్యా. మా పత్రికలు ఇంకా అచ్చే కాలేదు."

"అయితే నరసింహస్వామి పంపినాడా?"

నలుగురూ నవ్వారు. వాడు నవ్వలేదు. దొంగ నవ్వుతాడా.

వాడి అంగడిలో గింజ కూడా కొనొద్దని పాలెంలో చెప్పాను. ఎవరూ కొనడం లేదు. నా మాట ఇంకా అంత నడుస్తుంది.

నవంబరు 4, మంగళవారం

ఫోన్ ఇచ్చి వచ్చిన సంగతి రాయలేదు.

మధులత పని ఏమిటంటే, కంపెనీల కంప్యూటర్లలో దొంగలు పడితే ఇంట్లోనే కూర్చుని వాళ్ళ అడుగులు పట్టుకుంటుంది. ఎక్కడ దూరారు, ఎప్పుడు దూరారు, ఏది ముట్టుకున్నారు. శెట్టి నేరం కాగితం మీదికి రావాలంటే ఈమే దిక్కని ఆత్మకూరు బస్సెక్కాను.

నన్ను కూర్చోబెట్టకముందే ఫోన్ లాక్కుంది. సిమ్ పీకేసింది. విమానం గుర్తు నొక్కింది.

"పెదనాయనా, ముందు మీ పాలెంలో ఒక చాటింపు వేయించు. తెలిసినోళ్ళ దగ్గర్నుంచి వచ్చినా సరే, తెలిసిన గొంతు వచ్చినా సరే, ఫోన్‌లో వచ్చింది ఏదీ తెరవొద్దని. ముందు మనిషిని అడగమను."

"గొంతు కూడానా?"

"ఇప్పుడు గొంతులు కూడా దొంగవి చేస్తున్నారు."

వేయించాను. తప్పెట కొట్టించి మరీ వేయించాను. నా పేరు మీద.

తర్వాత చెప్పింది, అసలు ఫోన్‌ను కదపదట. దానికి నకలు తీసి, ఆ నకలు మీదే వెతుకుతుందట. నకలుకు ఒక ముద్ర పడుతుంది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. ఇది నాకు అర్థమైంది. మేము గొర్రె చెవి కోసి గుర్తు పెడతాం. ఒకడి కోతను ఇంకొకడు మార్చబోతే తెలిసిపోతుంది. ఆ మాట ఆమెకూ చెప్పాను.

తెర మీద ఏదో తెరిచింది. "దీని పేరు ఆటాప్సీ. అంటే శవాన్ని కోసి చూడడం."

"నా ఫోన్ ఇంకా చావలేదుమే!"

నవ్వింది. సామాను ఎంత పెట్టి కొన్నావని అడిగాను. ఊరికే వస్తుందంది. నాకు నచ్చలేదు. ఊరికే వచ్చే సామానుతో శెట్టిలాంటివాణ్ణి పట్టుకోవడమా?

"ఎవరో తెచ్చి పారేసిందా ఇది? డబ్బులిచ్చి మంచిది తెప్పించు, నేనిస్తాను."

"ఊరికే అంటే డబ్బు అడగరని ఒక్కటే కాదు పెదనాయనా. దీని లోపల ఏముండాదో ఎవరైనా విప్పి చూడొచ్చు. నేను చెప్పిన జాడ నువ్వు నమ్మబల్లేదు. ఈ నకలు ఇంకొకడికిచ్చి చూపించుకో. వాడికీ ఇదే జాడ దొరకాల. దొరక్కపోతే నాది తప్పు."

నమ్మబల్లేదట, నమ్మాల్సిన పనే లేదట. మా నాయన ఒక మాటంటే దాన్ని విప్పి చూసినవాడు లేడు. నేనంటే లేడు. విప్పి చూసుకోమని చెప్పే మాట ఒక మాటేనా?

నవంబరు 5

మోకాలు. వాన.

నవంబరు 6, గురువారం

సుబ్బరత్నమ్మ సంగటి తెచ్చింది. కుడికన్ను పూర్తిగా పొర కమ్మింది. గిన్నె పెట్టబోయి అరుగు అంచు మీద పెట్టింది, నేను పట్టుకోకపోతే పడేది.

"నిన్ను ఎవరు తెరవమన్నారుమే?" అన్నాను. అడగాల్సిన మాటే. మిగతా వాళ్ళు కూడా అడుగుతారు.

"నువ్వే కదన్నా."

"నేను పెళ్ళికి రమ్మన్నాను. తెరవమన్నానా?"

"అంతకు ముందు మా ఆడబిడ్డ కొడుకు దగ్గర్నుంచి అదే వచ్చింది. తెరవలా. పక్కింట్లోనుంచీ వచ్చింది. తెరవలా. నీ గొంతు వచ్చినాక తెరిచినా."

నా మీద దానికి అంత గురి. ఇప్పటికీ. గిన్నె కడిగి పంపించాను.

ఇంకో సంగతి. కలువాయివాళ్ళు పెళ్ళి ఆపుదామంటున్నారట. దొంగ పత్రికలు పంపే ఇంటి పిల్ల మాకెందుకని. శెట్టి రెండుసార్లు పోయి బతిమాలి వచ్చాడట. ఆగనీ. వాడి ఇంట్లో పెళ్ళి ఆగితే తెలుస్తుంది, పక్కోడి పొట్ట కొడితే ఎట్లా ఉంటుందో.

పిల్ల మంచిదే. దాని చిన్నప్పుడు అంగడి గల్లాపెట్టె మీద కూర్చుని, "కామయ్య తాతా, మీ గొర్రెలకు జలుబు చేసిందా?" అని అడిగేది. పిల్ల సంగతి వేరు.

నవంబరు 7

పిలుపు వేరు. పంపడం వేరు.

నవంబరు 10, సోమవారం

ఆత్మకూరు పోయి వచ్చాను. బస్సులో నిలబడే వచ్చాను. ఎవడో లేచి సీటు ఇవ్వబోతే నాకేం రోగమని అడిగాను.

మధులత జాడ తీసింది. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. అప్పుడే అనుకున్నాను, ఇది మంచికి కాదని. మంచిమాట చెప్పేవాళ్ళు కాఫీ తాగేదాకా ఆగరు.

"పెదనాయనా, ఇది సుందరరామయ్య తాత నుంచి రాలా. మర్రిపాడు బేరగాడు తిరుపాలు ఎవరు?"

తిరుపాలు మందలు బేరం చేసేవాడు. బద్వేలు లారీలకు గొర్రెలు ఎక్కిస్తాడు.

"ఆయన ఫోన్ మీద కూడా పెంచలకోన స్వామే ఉండాడు. ఆయన ఫోన్‌లోనూ ఆ దొంగే దూరింది, ఆయనకు తెలియనే తెలియదు. ఆయన నుంచి నీకు వచ్చింది."

ఈ జిల్లాలో సగం మంది ఫోన్ మీద ఆ స్వామే ఉంటాడు. అది నా తప్పా?

"సరే, తిరుపాలు. తర్వాత?"

ఆమె తెరను నా వైపు తిప్పింది. వరసలు, గంటలు, పేర్లు. వేలు పెట్టి చూపించింది.

"నీకు మధ్యాహ్నం వచ్చింది. ఆ వెంటనే నీ ఫోన్ నుంచి పాలెంలో అందరికీ పోయింది. ప్రతిదాని వెనకా నీ గొంతు ఉండాది. ఆ దొంగ నీ ఫోన్‌లోకి ఎక్కింది సాయంత్రం. నువ్వు తెరిచినాకే ఎక్కింది."

"అయితే ఏంది?"

"దొంగ ఇంట్లోకి రాకముందే సామాను బయటికి పోయింది పెదనాయనా. దొంగ పంపలేదు."

కాఫీ మీద మీగడ కట్టింది.

"నేను పిలుపు చెప్పినాను" అన్నాను.

"చెప్పినావు. దాంతో పాటు పంపినావు కూడా."

"పత్రిక వెంట లేకపోతే ఏ పెళ్ళికి పిలుస్తున్నానో వాళ్ళకు ఎట్టా తెలుస్తాది?"

"అదే పెదనాయనా. అదే పంపడం."

సాయంత్రం ఎక్కిందన్న ఆ ఒక్క వరస తీసెయ్యమన్నాను. నా తమ్ముడి కూతురు కదా, ఆ మాత్రం చేయదా. కాగితంలో తీసేయగలనంది. నకలులో తీయలేనంది. తీస్తే ముద్ర మారిపోతుంది, రేపు ఎవడు ఆ నకలు చూసినా అడుగుతాడు, ఈ గొర్రె చెవి ఎవరు తిరగ్గోసినారని.

నా మాట నాకే అప్పజెప్పింది.

"పోలీసోళ్ళకు నువ్వూ మోసపోయినోడివే పెదనాయనా. నీ మీద కేసేం ఉండదు" అంది.

కేసు గురించి ఎవడు అడిగాడు?

నవంబరు 11

ఆడపిల్లలకు చదువులు చెప్పించాలని మా తమ్ముణ్ణి ఎగదోసింది నేనే.

నవంబరు 13, గురువారం

విప్పి చూసుకోమంది కదా. చూపించాను.

వరికుంటపాడులో ఉదయ్ కుమార్ అని ఒకడున్నాడు. బెంగుళూరు కంపెనీ పని ఇంట్లోనే చేసుకుంటాడు. మధులత నకలును ఒక చిన్న బిళ్ళలో పెట్టి ఇచ్చింది. అడిగిన వెంటనే ఇచ్చింది, అదే నాకు మండింది. రొంటిన దోపుకుని పోయాను.

"ఒక ఆడపిల్ల చూసి ఏదేదో రాసింది. దాంట్లో తప్పు పట్టు" అన్నాను. ఆమె ఏం చెప్పిందో చెప్పలేదు.

వాడు మధ్యాహ్నమంతా చూశాడు. నేను వసారాలో కూర్చుని వాళ్ళ కోళ్ళను అదిలిస్తూ ఉన్నాను.

"తప్పు దొరకలా తాతా. ముద్ర సరిపోయింది. గంటలూ సరిపోయినాయి. ముందు పంపినారు, తర్వాత దొంగ ఎక్కినాడు."

"నువ్వూ ఆ ఊరికే వచ్చే సామానుతోనే చూసినావా?"

"ఇంకోటి తాతా. ఇదీ ఊరికే వచ్చేదే."

"రెండూ ఒకే తల్లి పిల్లలు, ఒకటే చెప్తాయి."

"కాదు తాతా. దాన్ని ఒకళ్ళు చేసినారు, దీన్ని ఇంకొకళ్ళు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసి కూడా ఉండరు." తర్వాత బిళ్ళ నా చేతిలో పెడుతూ అడిగాడు. "ఇంతకీ ఆ పంపిన ముసలాయన ఎవరు తాతా? గొంతులు కొన్ని విన్నాను. ఎంత బాగా పిలిచినాడో! ఒక్కొక్కరినీ పేరు పెట్టి, ఇంట్లో వాళ్ళ బాగోగులు అడిగి. మా తాత అట్ట పిలిచేవాడు. నేనైనా తెరిచేవాడినే."

ఎవరో ఒకాయన అన్నాను.

నవంబరు 14

శెట్టి ఆ రోజు నలుగురిలో మా పత్రికలు అచ్చు కాలేదన్నాడు. విన్నాను. వినలేదని ఎట్లా రాయను.

నవంబరు 15, శనివారం

ఉదయగిరి పోయాను. అంగడిలో గిరాకీ లేదు. శెట్టి ఒక్కడే కూర్చుని ఖాళీ గోతాలు మడత పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు.

"ఏందిరా, మళ్ళీ తిట్టను వచ్చినావా? వినేవాళ్ళు కూడా లేరు ఈరోజు."

"నీకు నా దగ్గర్నుంచి పత్రిక వచ్చిందా?"

వాడు ఫోన్ తీసి నొక్కాడు. నా గొంతు వచ్చింది. ఎంత కులాసాగా ఉందో ఆ గొంతు. 'శెట్టీ, నీ ఇంటి పిలుపు పాలెమంతా చేర్చినానురా. సాయిశ్రీ నా మనవరాలు కాదూ? నువ్వింక నిశ్చింతగా ఉండు.' దాని పైన ఆ పత్రిక.

"మా పత్రిక ఇంకా అచ్చు కాలేదే, వీడు దేంతో పిలిచినాడా అని తెరిచినాను" అన్నాడు.

"తెరిచి?"

"తెరిచి ఏంది? అందరికీ అయిందే నాకూ అయింది. పెళ్ళికి పెట్టుకున్నదంతా ఊడ్చుకుపోయింది."

"నేను నడివీధిలో దొంగ అంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావురా? ఇది వినిపిస్తే పోయేది కదా!"

"వినిపిస్తే? నీ మాట ముందు నా మాట ఎవరు నిలబెట్టినారు? పైగా అంగడోడి ఖాతా ఖాళీ అయిందని తెలిస్తే గుంటూరు నుంచి సరుకు దించేవాడు దించుతాడా?" గోతం దులిపాడు. దుమ్మంతా నా మీదే పడింది. "పోనీలే. కలువాయివాళ్ళ దగ్గర కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాను. వాళ్ళు ఒకటే మాట. కామయ్య అంతటోడు అన్నాడంటే ఊరికే అంటాడా, అని."

ఏదైనా కొందామనుకున్నాను. గానుగపిండి అడిగాను.

"నీకు లేదు" అన్నాడు. బస్తాలు కనిపిస్తూనే ఉన్నాయి.

నవంబరు 16, ఆదివారం

ఫోన్ తెచ్చుకున్నాను. మధులత దాన్ని కడిగినట్టు చేసి ఇచ్చింది, నంబర్లు మాత్రం మళ్ళీ ఎక్కించింది.

పెరట్లో గొర్రెల దొడ్డి వెనక్కి పోయి గొంతు పెట్టాను. ఎవరి కోసమూ కాదు, విసుగు పుట్టి. 'ఆ పత్రిక శెట్టి పంపలేదు. దొంగ కూడా పంపలేదు. నా ఫోన్ నుంచి నేనే పంపినాను. శెట్టి అంగడికి పోండి.' ఇంతే. ఇంతకన్నా నేను ఎవరికీ చెప్పబల్లేదు. పాలెంలో ఒక్కొక్కరికీ పెట్టాను. కలువాయి పెళ్ళికొడుకు తండ్రికి కూడా పెట్టాను, నంబరు మధులత సంపాదించింది.

అయిపోయింది. ఇంక నాకూ దానికీ సంబంధం లేదు.

నవంబరు 17

విన్న గొంతు పక్కన మైకు గుర్తు నీలంగా మారుతుంది. ఒక్కటీ మారలేదు.

నవంబరు 18

మారలేదు. కలువాయిదీ మారలేదు.

మధులతకు ఫోన్ చేసి, నువ్వు కడిగినప్పుడు ఫోన్ చెడగొట్టావని తిట్టాను. ఫోన్ బాగుందంది. "చాటింపు నీ పేరు మీదే వేయించినావు కదా పెదనాయనా" అంది.

తెలిసిన గొంతు వచ్చినా సరే. తప్పెట కొట్టించి మరీ.

నవంబరు 19, బుధవారం

కర్ర పట్టుకుని బయలుదేరాను. మోకాలు పోయాక ఇంటింటికీ పోవడం ఇదే తొలిసారి. మొదటి ఇల్లు సుబ్బరత్నమ్మది. వాకిట్లో కందులు చెరుగుతోంది. రాళ్ళు కనపడవు, వేళ్ళతో తడుముతోంది.

"ఏందన్నా, నడిచొచ్చినావు! ఎవరి పెళ్ళి?"

"పెళ్ళి కాదు. ఫోన్‌లో గొంతు పెట్టినాను. వినలా?"

"తెరవొద్దని నువ్వే కదా తప్పెట కొట్టించినావు."

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేను. "ఆ పత్రిక శెట్టి పంపలేదు. నేను పంపినాను. నా చేత్తోనే."

చేట ఆగలేదు. "తెలుసులే."

"ఎప్పటి నుంచి?"

"వచ్చినప్పటి నుంచి. 'రత్తీ, కన్ను ఎట్టుండాదిమే' అని అడిగి మరీ పిలిచినావు. నన్ను రత్తీ అనేది నువ్వొక్కడివే. దొంగోడికి నా కన్ను సంగతి ఎట్టా తెలుస్తాది?"

"ఇంకా ఎవరెవరికి తెలుసు?"

"నీకు తప్ప అందరికీ తెలుసు."

"మరి శెట్టి అంగడికి పోవద్దంటే ఎందుకు మానుకున్నారుమే? వాడు దొంగ కాదని తెలిసి కూడా!"

అప్పుడు ఆపింది. నా వైపు చూసింది, కనపడే కంటితో.

"నువ్వు చెప్పినావు కదన్నా."

మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నేను మిగతా ఇళ్ళకు పోలేదు. తెలిసినవాళ్ళకు పోయి చెప్పేదేముంది.

రేపు పొద్దున బస్సుకు కలువాయి పోతున్నాను. శెట్టిని రమ్మని అడగలేదు. అక్కడివాళ్ళు పెళ్ళి ఆపింది నా మాట మీదే. నా మాట నిజమని నమ్మేవాళ్ళు ఇంక వాళ్ళే మిగిలారు. పోయి వాళ్ళకు కూడా ఆ నమ్మకం లేకుండా చేసి రావాలి.